పూరీ గద్దె నుంచి అండమాన్ చెరకు

హత్యానేరంపై ద్వీపాంతరవాసానికి వెళ్లిన గజపతి మూడవ దివ్యసింహ దేవ్ జీవితం

1887 ఆగస్టులో అండమాన్ దీవుల శిక్షాస్థావరంలో ఒక యావజ్జీవ ఖైదీ మరణించారు. అడవులు నరికించేందుకు, చిత్తడి నేలలు పూడ్పించేందుకు భారతదేశం నలుమూలల నుంచి ఖైదీలను ఓడలలో తరలిస్తున్న ఆ రోజులలో ఒక ఖైదీ మరణం అక్కడ వార్త కాదు. కానీ ఈ ఖైదీ మరణవార్త కటకంలోను, కలకత్తాలోను నడుస్తున్న ఒక పెద్ద వ్యాజ్యం గతినే మార్చివేసింది. ఆయన పూరీ గజపతి మూడవ దివ్యసింహ దేవ్. జగన్నాథ దేవాలయానికి వంశపారంపర్య పర్యవేక్షకులు. రథయాత్రనాడు బంగారు పిడి చీపురుతో రథాలను ఊడ్చే అధికారం కలిగిన ఏకైక రాజు. నడిచే విష్ణువుగా ఒడియా ప్రజలు కొలిచే గద్దెకు వారసులు. 1878లో ఒక సాధువు హత్యకేసులో శిక్షపడే వరకు ఆయన ఈ హోదాలన్నింటినీ అనుభవించారు.

తెలుగు పాఠకులకు గజపతులనగానే కపిలేంద్రుడు, కొండవీడు, రాజమహేంద్రవరం, కృష్ణదేవరాయల చేతిలో ఓడిన ప్రతాపరుద్రుడు గుర్తుకు వస్తారు. దివ్యసింహ దేవ్ నాటికి ఆ వైభవంలో మిగిలినది బిరుదు ఒక్కటే. కోటలు లేవు, సైన్యం లేదు, పన్ను వసూలు చేసుకునే రాజ్యమూ లేదు. దేవాలయం మాత్రం ఉన్నది. ఆయన ఉత్థానమూ, పతనమూ రెండూ ఆ దేవాలయంతోనే ముడిపడి ఉన్నాయి.

రాజ్యం పోయి గుడి మిగిలింది

1803 సెప్టెంబరులో ఈస్టిండియా కంపెనీ సేనలు నాగపూరు భోంస్లేల నుంచి పూరీని స్వాధీనం చేసుకున్నాయి. అప్పటి ఖుర్దా రాజు రెండవ ముకుంద దేవ్ మరుసటి ఏడాదే కంపెనీపై తిరుగుబాటుకు దిగి ఓడిపోయారు. ఖుర్దా ఎస్టేటును కంపెనీ జప్తు చేసింది. రాజును కటకంలోను, తరువాత మేదినీపూర్‌లోను నిర్బంధించింది. ఆయన మంత్రి జయీ రాజగురును 1806లో చంపించింది. 1807లో రాజును విడుదల చేసి, భరణం ఏర్పాటు చేసి, పూరీలో నివసించటానికి అనుమతించింది. 1809 నాటి నాలుగవ రెగ్యులేషన్ ద్వారా జగన్నాథ దేవాలయ పర్యవేక్షణ బాధ్యతను ఆయనకు అప్పగించింది. 1817లో పైకుల తిరుగుబాటు చెలరేగినప్పుడు అదే రాజును మరల పట్టుకొని కటకంలో ఉంచగా ఆ ఏడాది నవంబరులో నిర్బంధంలోనే మరణించారు. ఈ వంశానికి చెర కొత్త కాదు. అయితే రెండవ ముకుంద దేవ్ వెళ్లినది రాజకీయ ఖైదీగా. ఆ తరువాత ఆరు దశాబ్దాలకు దివ్యసింహ దేవ్ వెళ్లినది హంతకునిగా.

రాజ్యం తీసుకొని గుడిని వదలటంలో కంపెనీ లెక్కలు కంపెనీకి ఉన్నాయి. 1806 నుంచి పూరీ యాత్రికుల నుంచి కంపెనీ పన్ను వసూలు చేసింది. ఆ సొమ్ములో కొంత గుడి ఖర్చులకు ఇచ్చేది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధన మీద ఆదాయం తీయటమేమిటని ఇంగ్లండులో మిషనరీలు ఆందోళన లేవదీశారు. ఆ ఒత్తిడికి తలవొగ్గి 1840 నాటి పదవ చట్టం ద్వారా యాత్రికుల పన్ను రద్దు చేశారు. దేవాలయ నిర్వహణ మొత్తాన్ని రాజుకు కట్టబెట్టారు. 1843లో సతాయిస్ హజారీ మహల్ అనే భూములను కూడా రాజుకు అప్పగించారు. ఏటా ఇరవైయేడు వేల రూపాయల ఆదాయం గల భూములన్నది ఆ పేరుకు అర్థం. 1863 నాటికి ఏక్‌రాజాత్ మహల్ అనే మరికొన్ని భూములను ఇచ్చి ప్రభుత్వం నగదు సహాయం నుంచి పూర్తిగా తప్పుకున్నది.

ఈ విధంగా రాజ్యం లేని రాజు, లక్షలాది యాత్రికులు వచ్చే ఒక దేవస్థానానికి, దాని భూములకు, వందలాది సేవకులకు, వంటశాలకు, నగల భాండాగారానికి ఏకైక బాధ్యుడయ్యారు. ఆ బాధ్యతకు అర్హత ఏమిటని ఎవరూ అడగలేదు. వంశమే అర్హత. పైన లెక్కలు చూసే సంఘం లేదు. రాజు సమర్థుడైతే గుడి బాగుంటుంది, కాకపోతే లేదు. 1840లో ప్రభుత్వం చేతులు కడుక్కున్న తీరులోనే తరువాతి చిక్కులకు బీజం పడిందని చెప్పవచ్చు.

దత్తతతో వచ్చిన గద్దె

రెండవ ముకుంద దేవ్ తరువాత మూడవ రామచంద్ర దేవ్, ఆయన తరువాత 1854లో వీరకిశోర దేవ్ గద్దెనెక్కారు. వీరకిశోరులకు పుత్ర సంతానం లేదు. కిమిడి రాజకుటుంబం నుంచి ఒక పసివానిని దత్తత తీసుకున్నారు. నేటి ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాలలో విస్తరించిన కిమిడి జమీందారీలు అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. తెలుగు, ఒడియా రెండూ వినిపించే ప్రాంతమది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఏ వైపు ఉండాలన్న వివాదం తెలుగువారికి బాగా తెలిసినదే. అటువంటి సీమ నుంచి వచ్చిన బాలుడు 1859లో వీరకిశోరులు మరణించగానే దివ్యసింహ దేవ్ అనే పేరుతో గజపతి అయ్యారు. రాజమాత సూర్యమణి పాటమహాదేవి సంరక్షకురాలిగా గుడి వ్యవహారాలు చేపట్టారు. ఈ కథలో చివరివరకు నిలబడి వ్యవహరించిన వ్యక్తి ఆమెయే.

రాజు పసివాడైనా ఆయన పేరు ఒడియా దేశమంతటా వ్యవహారంలోకి వచ్చింది. ఒడియా పంచాంగాలలో సంవత్సరాలను పూరీ గజపతి పాలనా సంవత్సరాలతో లెక్కించే ఆచారమున్నది. దానిని అంకం అంటారు. భాద్రపద శుద్ధ ద్వాదశినాడు కొత్త అంకం మొదలవుతుంది. అందులో ఒకటవ అంకం ఉండదు, రెండుతో ఆరంభం. ఆరుతోను, సున్నతోను ముగిసే అంకెలను వదలివేస్తారు. పది మాత్రం ఇందుకు మినహాయింపు. దస్తావేజులు, జాతకాలు, గుడి లెక్కలు అన్నీ ఈ అంకాలలోనే వ్రాసేవారు. రాజుకు గజం భూమిపైన కూడా పరిపాలనాధికారం లేకపోయినా, ఎక్కడో కొండ సంస్థానంలో పుట్టిన బిడ్డ జాతకంలో ఆయన పేరుండేది.

ఈ లెక్క ప్రకారం దివ్యసింహ దేవ్ తొమ్మిదవ అంకం 1865 సెప్టెంబరు నుంచి 1866 సెప్టెంబరు వరకు. ఒడిశా చరిత్రలో అతి ఘోరమైన కరవు వచ్చినది ఆ అంకంలోనే. అందుచేతనే దానికి న-అంక దుర్భిక్షం, అనగా తొమ్మిదవ అంకపు కరవు అనే పేరు స్థిరపడింది. 1865లో వానలు ముందుగానే ఆగిపోయాయి. వరిపంట దెబ్బతిన్నది. కటకంలోని అధికారులు గానీ, కలకత్తాలోని లెఫ్టినెంట్ గవర్నర్ సెసిల్ బీడన్ గానీ ప్రమాదాన్ని సకాలంలో గుర్తించలేదు. ధాన్యం వర్తకుల వద్ద నిల్వలున్నాయని, ధర పెరిగితే అవే బయటికి వస్తాయని భావించారు. నిల్వలు లేవని తెలిసేసరికి నైరుతి ఋతుపవనాలు ముంచుకొచ్చాయి. రేవులు మూతపడ్డాయి. బియ్యం తెచ్చిన ఓడలు సరుకు దింపలేకపోయాయి. ఒడిశా జనాభాలో సుమారు మూడవవంతు, దాదాపు పది లక్షల మంది మరణించారని అంచనా. జార్జి కాంప్‌బెల్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం ప్రభుత్వ వైఫల్యాన్ని నిర్ధారించింది.

ఈ కరవులో బాలరాజుకు ప్రమేయం లేదు. అయినా ఒడియా జ్ఞాపకంలో ఆయన పాలనకు మొదటి గుర్తు ఆకలి చావులే. తప్పు బీడన్‌ది, పేరు మాత్రం దివ్యసింహునిది.

1878 నాటి కేసు

యుక్తవయస్కుడైన తరువాత దివ్యసింహ దేవ్ దేవాలయ బాధ్యతను స్వయంగా చేపట్టారు. ఆయనకు వివాహమై ముకుంద దేవ్ అనే కుమారుడు కలిగాడు. ఆయన స్వతంత్రంగా పాలించినది కొద్ది సంవత్సరాలు మాత్రమే. 1878లో ఒక సాధువును హింసించి హత్య చేశారన్న అభియోగంపై ప్రభుత్వం రాజుపై కేసు పెట్టింది. విచారణలో నేరం రుజువైనట్లు న్యాయస్థానం ప్రకటించి యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష విధించింది. అప్పటికాయన వయసు ఇరవైలలోనే ఉన్నది.

1860 నాటి భారత శిక్షాస్మృతి హత్యకు మరణశిక్షనో, యావజ్జీవ ద్వీపాంతరవాసమో విధించింది. రాజుకు ఉరి తప్పింది. అయితే ఆనాటి హిందూ సమాజంలో, అందునా జగన్నాథుని తొలి సేవకుడనిపించుకునే రాజుకు, సముద్రం దాటించటమే ఒక విధమైన మరణం. నల్లనీరు దాటినవాడు కులానికి, ఆచారానికి దూరమైనట్లేనని లోకం భావించేది. పూరీలోనేమో సముద్రం గుడికి నడిచివెళ్లే దూరంలోనే ఉన్నది. యాత్రికులు అందులో పవిత్రస్నానం చేస్తారు.

తీర్పుపై పూరీలో భిన్నాభిప్రాయాలు లేకపోలేదు. రాజును తొలగించి గుడిని చేజిక్కించుకునేందుకు ప్రభుత్వం అవకాశం కోసం కాచుకొని ఉన్నదని నమ్మినవారున్నారు. ఆ తరువాత ప్రభుత్వం వ్యవహరించిన తీరు అటువంటి అనుమానాలను బలపరిచేదిగానే ఉన్నది. కానీ అనుమానం సాక్ష్యం కాదు. ఒక మనిషి హింసకు గురై మరణించాడన్న సంగతిని ఆ అనుమానం చెరిపివేయదు. తరువాతి పదేళ్ల వ్యాజ్యాలు, అర్జీలు, ఉత్తర ప్రత్యుత్తరాలన్నింటిలోను రాజు హక్కులు, రాణి హక్కులు, బాలుని హక్కులు, ప్రభుత్వ హక్కులు చర్చకు వచ్చాయి. ఆ సాధువు మాత్రం కేసు ఎందుకు మొదలైందో చెప్పవలసి వచ్చినప్పుడు ఒక వాక్యంలో కనిపించి మాయమవుతాడు.

గజపతి వెళ్లిన తరువాత పూరీలో రథయాత్ర ఆగలేదు. రాజు లేనప్పుడు ఆయన ప్రతినిధిగా ముదిరస్త అనే సేవకుడు రథాలను ఊడ్చే కైంకర్యం నిర్వహించే ఏర్పాటు ఆలయ సంప్రదాయంలోనే ఉన్నది. రాజు అస్వస్థుడైనా, మైనరైనా, ఊరిలో లేకపోయినా దేవుని పని ఆగరాదన్నది దాని ఉద్దేశం. రాజు ఖైదులో ఉండగల అవకాశాన్ని ఆ సంప్రదాయాన్ని ఏర్పరచినవారు ఊహించి ఉండరు. అయినా ఆ సంప్రదాయం ఇక్కడా అక్కరకు వచ్చేదే.

అండమాన్‌లో

రాజు చేరుకునే సమయానికి అండమాన్ శిక్షాస్థావరం వయసు ఇరవై సంవత్సరాలు. 1857 తిరుగుబాటు అణచివేత అనంతరం 1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో అక్కడ దిగారు. తొలుత ఛాతమ్ దీవిలోను, నీటి కొరత వల్ల తరువాత రాస్ దీవిలోను స్థావరం ఏర్పరిచారు. రాస్ దీవి అధికారుల నివాసమయింది. చర్చి, క్లబ్బు, రొట్టెల బట్టీ అన్నీ అక్కడ వెలిశాయి. ఖైదీలు పోర్ట్‌బ్లెయిర్ చుట్టూ ఉన్న శిబిరాలలో ఉండేవారు. గొలుసులతో బంధించవలసిన వారిని వైపర్ దీవి జైలులో ఉంచేవారు. ఉరికంబమూ అక్కడే ఉండేది. 1872 ఫిబ్రవరి 8న హోప్‌టౌన్ రేవులో వైస్రాయి మేయో ప్రభువును పొడిచి చంపిన షేర్ అలీని ఆ మరుసటి నెలలో వైపర్ దీవిలోనే ఉరితీశారు. వైస్రాయి హత్య తరువాత ఖైదీల క్రమశిక్షణపై పట్టు బిగించిన కాలంలో పూరీ రాజు అక్కడకు వెళ్లారు.

అండమాన్ అనగానే మన పాఠకులకు సెల్యులార్ జైలు స్ఫురిస్తుంది. దాని నిర్మాణం 1896లో మొదలై 1906లో పూర్తయింది. దివ్యసింహ దేవ్ మరణించి అప్పటికి చాలాకాలమయింది. ఆయన ఉన్నప్పటి అండమాన్‌లో ఒంటరి కొట్లు గల మహాభవనం లేదు. సముద్రమే గోడ, అడవే కావలి. కలకత్తా నుంచి 1,200 కిలోమీటర్లకు పైబడిన దూరం. పారిపోయినవారిని సముద్రమో, అడవిలోని ఆదివాసుల బాణాలో మింగేవి. పట్టుబడితే తిరిగి శిక్ష.

ఆ స్థావరం ఆర్థికంగా ఒక విచిత్రమైన ఏర్పాటు. వేలమంది ఖైదీల శ్రమతో అడవి నరికి, రోడ్లు వేసి, వరి పొలాలు, కొబ్బరితోటలు పెంచి, కలప కోయించి, ఖైదీల పోషణభారాన్ని వారి చేతనే మోయించాలన్నది ప్రభుత్వ లక్ష్యం. 1883లో ఛాతమ్ దీవిలో కలప కోత మిల్లు నెలకొల్పారు. అండమాన్ పడౌక్ కలపకు తరువాతి కాలంలో విదేశాలలోను పేరు వచ్చింది. కొత్తగా వచ్చిన ఖైదీ కఠిన శ్రమతో మొదలుపెట్టి, సత్ప్రవర్తనతో తరగతి తరగతిగా పైకి వెళ్లి, చాలా సంవత్సరాల తరువాత సొంతంగా వ్యవసాయమో, వృత్తో చేసుకునే అనుమతి పొందేవాడు. అటువంటివారు అక్కడే వివాహాలు చేసుకొని కుటుంబాలు పెట్టుకున్నారు. నేటి దీవుల పాతకాపుల కుటుంబాలలో కొన్ని వారి సంతతే. దివ్యసింహ దేవ్ అక్కడ ఉన్నకాలంలో 1879 నుంచి చీఫ్ కమిషనర్‌గా పనిచేసినది కర్నల్ థామస్ కాడెల్. 1857లో ఢిల్లీ ముట్టడిలో విక్టోరియా క్రాస్ పొందిన సైనికుడాయన.

ప్రముఖులు అండమాన్‌కు రావటం ఇది మొదటిసారి కాదు, చివరిసారీ కాదు. పండితుడు ఫజ్లే హక్ ఖైరాబాదీ 1861లో అక్కడే మరణించారు. 1891లో ఆంగ్ల-మణిపురి యుద్ధం తరువాత మణిపురి రాజు కులచంద్ర సింగ్‌ను అక్కడకే పంపారు. ఇరవయ్యవ శతాబ్దంలో విప్లవకారులు వెళ్లారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర కూడా అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. వీరందరినీ దేశం ఏదో ఒక రూపంలో గౌరవంగా తలచుకుంటున్నది. దివ్యసింహ దేవ్‌కు ఆ వరుసలో చోటు లేదు. ఆయనకు విధించిన శిక్ష వారి శిక్షవంటిదే, నేరం వేరు.

పూరీలో గుడి ఎవరిది?

రాజు అండమాన్‌లో సజీవంగా ఉన్నారు. ఆయన గద్దె ఖాళీ అయినట్లా, కానట్లా? ఈ ప్రశ్న చుట్టూ పూరీ వ్యవహారం తొమ్మిదేళ్లు నడిచింది. 1840 చట్టం పర్యవేక్షణను రాజుకు ఇచ్చింది గానీ, రాజు నేరస్థుడైతే ఏమి చేయాలో చెప్పలేదు. తండ్రి జీవించి ఉండగా కుమారుడు వారసుడు కాగలడా అన్నది ఒక చిక్కు. కుమారుడు పసివాడు కావటం రెండవ చిక్కు. గుడిలోనేమో నిత్యపూజలు, మహాప్రసాదం వంట, సేవకుల మధ్య వాటాల తగవులు, భూముల శిస్తు వసూళ్లు ఒక్కరోజు కూడా ఆగేవి కావు.

రాజమాత సూర్యమణి మరల రంగంలోకి దిగారు. ఒకప్పుడు దత్తపుత్రునికి సంరక్షకురాలిగా ఉన్న ఆమె ఇప్పుడు మనుమడు ముకుంద దేవ్ తరఫున ఆ పని చేశారు. ఒక జీవితకాలంలో రెండు పర్యాయాలు మైనరు రాజుల పక్షాన ఆ మహాదేవస్థానాన్ని నడపవలసి రావటం, అందులోనూ అంతఃపుర కట్టుబాట్ల మధ్య నుంచి నడపటం, చిన్న విషయం కాదు. ఆమె పాలనలో లోపాలున్నాయని ప్రభుత్వాధికారులు విమర్శించారు. రద్దీ నియంత్రణ సరిగా లేదని, లెక్కలు సరిగా లేవని ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో కొన్ని నిజమే అయి ఉంటాయి. అయితే ఆ వ్యవస్థను పర్యవేక్షణ లేకుండా వదలినది ప్రభుత్వమేనన్న సంగతి ఆ విమర్శకులు మరచారు.

బెంగాల్ ప్రభుత్వం దేవాలయ నిర్వహణను రాజకుటుంబం నుంచి తప్పించి ఒక సంఘానికి అప్పగించాలని భావించింది. 1885 నుంచి వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కింది. రాజు శిక్ష పొందినందున పర్యవేక్షక పదవి ఖాళీ అయినదని, కొత్త ఏర్పాటు అవసరమని ప్రభుత్వ వాదన. కటకం జిల్లా న్యాయస్థానం దేవాలయానికి రిసీవర్‌ను నియమించింది. ఒక అధికారి గుడి ఆస్తులను స్వాధీనం చేసుకుంటాడన్న వార్త ఒడియా ప్రజలలో కలవరం రేపింది. రాజు పట్ల సానుభూతి లేనివారు సైతం దీనిని అంగీకరించలేదు. హంతకుడైన రాజును శిక్షించటం న్యాయం, రాజు చేసిన తప్పుకు గుడిని ప్రభుత్వం పట్టుకుపోవటం అన్యాయం అన్నది వారి భావన. మనిషినీ, అతడు కూర్చున్న పీటనూ వేరు చేసి చూడటం ప్రజలకు తెలిసినంతగా ప్రభుత్వ న్యాయవాదులకు తెలియలేదు.

రాణి తరఫున వాదించేందుకు కటకం న్యాయవాది మధుసూదన్ దాస్ ముందుకు వచ్చారు. ఒడియావారిలో తొలి పట్టభద్రుడాయన. తరువాతి కాలంలో ఒడియా ప్రాంతాలన్నింటి ఏకీకరణ ఉద్యమానికి నాయకత్వం వహించి, 1921లో బీహారు-ఒరిస్సా ప్రభుత్వంలో మంత్రి అయిన వ్యక్తి. ఆయన క్రైస్తవ మతం స్వీకరించినవారు. జగన్నాథ దేవాలయంలోకి హిందువులకు తప్ప ఇతరులకు ప్రవేశం లేదు. ప్రవేశానికి అర్హత లేని గుడి కోసం ఆయన కలకత్తా హైకోర్టులో వాదించారు. మిషనరీల ఒత్తిడితో గుడిని వదలిన ప్రభుత్వం ఇప్పుడు దానిని తిరిగి కోరుతుంటే, ఒక క్రైస్తవ న్యాయవాది రాణి పక్షాన నిలబడటం ఆనాటివారికి విశేషంగానే తోచింది. 1887లో హైకోర్టు రిసీవర్ నియామకాన్ని తోసిపుచ్చింది. పూరీలో ఆనందం వెల్లివిరిసింది.

అదే సంవత్సరం ఆగస్టులో అండమాన్‌లో రాజు మరణించారు. ఆయన మరణంతో వారసత్వపు చిక్కుముడి విడిపోయింది. తండ్రి జీవించి ఉండగా కుమారుని హక్కు ఏమిటన్న ప్రశ్నకు ఇక తావు లేదు. 1888లో ఉభయపక్షాలు రాజీకి వచ్చి న్యాయస్థానం నుంచి రాజీ డిక్రీ పొందాయి. బాలుడైన ముకుంద దేవ్ వారసుడని, ఆయన మేజరయ్యే వరకు రాణి సంరక్షణలో ఒక సమర్థుడైన మేనేజరు గుడి వ్యవహారాలు చూడాలని అందులోని ఏర్పాటు. ప్రభుత్వం కోరినది సంఘం, దక్కినది మేనేజరు. రాణి కోరినది పూర్తి అధికారం, దక్కినది వంశానికి గుర్తింపు.

ఆ తరువాత

1897లో ముకుంద దేవ్ మేజరై బాధ్యతలు స్వీకరించారు. తండ్రి పేరుతో ముడిపడిన మచ్చ కంటె నిర్వహణలో ఎదురైన కష్టాలే ఆయనను ఎక్కువ వేధించాయి. కొద్ది సంవత్సరాలకే, 1902లో, డిప్యూటీ మేజిస్ట్రేట్ హోదాలోని రాజకిశోర్ దాస్‌ను మేనేజరుగా నియమించారు. అప్పటి నుంచి గుడిలో అసలు పరిపాలన చాలావరకు మేనేజరు చేతిలోనికి పోయింది. 1926లో ముకుంద దేవ్ మరణించగా నాలుగవ రామచంద్ర దేవ్ గజపతి అయ్యారు.

1840 నాటి లోపాన్ని సరిదిద్దినది స్వతంత్ర భారతమే. ఒడిశా శాసనసభ ఆమోదించిన శ్రీ జగన్నాథ దేవాలయ చట్టం 1955లో వచ్చింది. దానిని అమలుచేసి 1960 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం నిర్వహణను స్వీకరించింది. అప్పటి రాజు వీరకిశోర దేవ్ ఆ చట్టాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1964లో న్యాయస్థానం చట్టాన్ని సమర్థించింది. పూజలలోను, ఆచారాలలోను రాజుకున్న తొలి సేవకుని స్థానాన్ని చట్టం తాకలేదు. భూములు, ఆదాయం, నియామకాలు, భాండాగారం వంటి లౌకిక వ్యవహారాలను మాత్రం సంఘానికి అప్పగించింది. ఆ సంఘానికి అధ్యక్షుడు గజపతే. 1886లో బెంగాల్ ప్రభుత్వం ఒక మనిషి నేరాన్ని ఆధారం చేసుకొని సాధించలేనిదాన్ని, ప్రజలెన్నుకున్న శాసనసభ ఎవరి నేరాన్నీ ప్రస్తావించకుండా సాధించింది. ఒక్క ఒడిశాలోనే 60,000 ఎకరాలకు పైబడిన భూములున్న ఈ దేవస్థానం లెక్కలు ఇప్పటికీ వార్తలలోని అంశమే. దశాబ్దాల విరామం తరువాత రత్నభాండాగారాన్ని 2024 జూలైలో తెరిచినప్పుడు దేశమంతా ఆసక్తిగా చూసింది.

ద్వీపాంతరవాసమనే శిక్షను కూడా భారత పార్లమెంటు 1955లోనే శిక్షాస్మృతి నుంచి తొలగించి దాని స్థానంలో యావజ్జీవ కారాగారాన్ని చేర్చింది. రాస్ దీవికి 2018లో నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపమని, పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురమని పేర్లు మారాయి. రాస్ దీవిలోని అధికారుల భవనాలను మర్రి ఊడలు చుట్టుకొని ఉన్నాయి. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలు, విమానాలు దీవులకు యాత్రికులను తీసుకుపోతున్నాయి. వారు సెల్యులార్ జైలు చూస్తారు, వైపర్ దీవిలో శిథిలమైన ఉరికంబపు గది చూస్తారు. పూరీ రాజు సంగతి అక్కడ చెప్పేవారు అరుదు.

పూరీలో మాత్రం ఆ పేరు వినిపిస్తూనే ఉన్నది. 1970లో గద్దెనెక్కిన గజపతి పేరు కూడా దివ్యసింహ దేవ్. గజపతులు తరాల వారీగా పాత పేర్లనే మరల ధరించటం ఆ వంశాచారం. ఏటా ఆషాఢంలో ఆయన పల్లకీలో బడదాండకు వచ్చి, బంగారు పిడి చీపురుతో మూడు రథాలను ఊడుస్తారు. ఒడియా పంచాంగాల తొలి పుటలో నేటికీ సంవత్సరాన్ని ఆ పేరుతోనే లెక్కగట్టి ముద్రిస్తున్నారు.